పులి బోనుకి గోడ ఉంది, జోరీగకి లేదు

పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుడి జవాబులు

పోయిన సంచికలో "వానలు మొదలయ్యాయి కాబట్టి ఈగలు, దోమలు, పిడుదుల వల్ల జూ జంతువులకి వచ్చే జబ్బుల మీద అడగండి" అని రాశాం, ఉత్తరాలు బాగానే వచ్చాయి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు కూడా వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేసి జవాబులు రాస్తున్నాను. జూ గురించి అడిగితే మధ్యలో గేదెల గురించి ఎందుకు చెప్తున్నారు అనుకోవద్దు, ఆ రెండూ విడదీసి చెప్పే వీలు లేదు, ఎందుకో చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఒక జూకి వెళ్ళాం సార్. పులి దగ్గర పెద్ద పెద్ద ఈగలు తిరుగుతున్నాయి, పాపం అది చెవులు విదిలించుకుంటూనే ఉంది. మా మావయ్యగారు చూసి "ఒరిస్సాలో ఇలాగే ఈగలు కుట్టి ఒకేసారి బోలెడు పులులు చచ్చిపోయాయి" అన్నారు. నిజంగా జరిగిందా? ఈగ కుడితే పులి చచ్చిపోవడం ఏంటండీ? (గృహిణి, పటమట)

జవాబు: మీ మావయ్యగారికి బాగా గుర్తుందమ్మా, నిజంగానే జరిగింది. 2000వ సంవత్సరం జులైలో భువనేశ్వర్ పక్కన నందన్‌కానన్ జూలో కొద్ది రోజుల తేడాలో 12 పులులు చనిపోయాయి, అందులో తెల్ల పులులు కూడా ఉన్నాయి. నందన్‌కానన్ అంటే తెల్ల పులులకి పేరున్న జూ, 1980లో మామూలు రంగు తల్లిదండ్రులకి అక్కడ తెల్ల పిల్లలు పుట్టాయి. అలాంటి చోట ఇన్ని పులులు పోయాయంటే అప్పట్లో మా పశువైద్యుల్లో నిద్రపట్టినవాళ్ళు తక్కువ. చనిపోవడానికి కారణం ట్రిపనోసోమా ఇవాన్సీ అనే పరాన్నజీవి అని తేలింది, ఆ జబ్బుని సర్రా అంటాం.

ఇప్పుడు ఈగ సంగతి. మీరు చూసినవి మామూలు ఇంటి ఈగలు కాకపోవచ్చు, పెద్దగా ఉండి కళ్ళు పచ్చగా మెరుస్తుంటే అవి జోరీగలు. ఇందులో రక్తం తాగేది ఆడ ఈగే, గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. దోమ సన్నటి గొట్టం దించినట్టు ఇది దించదు, కత్తుల్లాంటి నోటి భాగాలతో చర్మాన్ని కోసేసి ఊరిన రక్తాన్ని నాకుతుంది, అందుకే ఆ నొప్పి. నొప్పి పుట్టగానే గేదె తోకతో కొడుతుంది, ఈగ లేచిపోతుంది, కానీ కడుపు నిండలేదు కదా, నిమిషంలోపే పక్కనున్న ఇంకో జంతువు మీద వాలి మళ్ళీ కోస్తుంది. మొదటి జంతువు రక్తం ఇంకా దాని మూతికి తడిగానే ఉంటుంది. ఒకళ్ళకి పొడిచిన సూది ఇంకొకళ్ళకి పొడిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఈ పరాన్నజీవి ఈగ లోపల పెరగదు, గుడ్లు పెట్టదు, కేవలం మూతి మీద తడిలో ప్రయాణం చేస్తుంది, అదీ కాసేపే బతుకుతుంది. ఆఫ్రికాలో నిద్రజబ్బు తెచ్చే ట్రిపనోసోమా అయితే సెట్సీ ఈగ లోపల పెరగాల్సిందే, ఆ ఈగ మన దేశంలో లేదు. ఇవాన్సీ మాత్రం ఆ ఈగ అవసరమే లేకుండా బతకడం అలవాటు చేసుకుంది, అందుకే ఆఫ్రికా దాటి ఆసియా, దక్షిణ అమెరికా దాకా పాకింది.

పులికి ఇంకో దారిలో కూడా వస్తుంది, అది తిండి. జబ్బున్న పశువుని కోసి వేడి వేడిగా, రక్తం కారుతుండగానే వేస్తే, ఎముక గుచ్చుకుని నోట్లో చిన్న గాయం ఉన్నా సరే అందులోంచి పోతుంది. కోసిన మాంసాన్ని చల్లబరిచి కొన్ని గంటలు ఉంచితే పరాన్నజీవి ఎక్కువసేపు బతకదు. కాబట్టి మాంసం తెచ్చే పశువుని ముందు చూడటం, తర్వాత మాంసాన్ని చల్లబరచడం, ఈ రెండూ ప్రతి జూలో జరగాలి.

పులి లోపల ఏమవుతుందంటే, ఇవి రక్తంలో గ్లూకోజ్ తినేస్తూ ఒకటి రెండుగా చీలుతూ పెరిగిపోతాయి, ఎర్ర కణాలు పగిలిపోతాయి, జ్వరం, తిండి మానేయడం, నడకలో తూలుడు, కంటి మీద పొర, చివర్లో ఫిట్స్. గేదె ఏళ్ళ తరబడి మోయగలిగే జబ్బుని పులి కొన్నిసార్లు రోజుల్లో కూడా తట్టుకోలేదు. అడవిలో పులి అయితే ఈగలు ఎక్కువైనప్పుడు నీళ్ళలో దిగి కూర్చుంటుంది, లేకపోతే చోటు మారుతుంది. బోనులో దానికి ఆ అవకాశం మనం ఇస్తేనే ఉంటుంది. మీ పిల్లలు మళ్ళీ అడిగితే ఇది చెప్పండి.

ప్రశ్న: మాది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. ముర్రా గేదెలు ఉన్నాయి. మీరు పోయినసారి "పులి జబ్బు గేదెలో దాక్కుంటుంది" అని ఒక ముక్క రాశారు. మా గేదె బాగానే మేస్తుంది కానీ పాలు తగ్గాయి, పోయిన ఈత ఈసుకుపోయింది. అంటే మా గేదెకీ ఉందంటారా? (పాడి రైతు)

జవాబు: ఉండొచ్చండీ, లేకపోవచ్చు కూడా. ఈసుకుపోవడానికి, అంటే చూడి పోవడానికి, బ్రుసెల్లా అనే జబ్బు దగ్గర్నుంచి చాలా కారణాలున్నాయి, ఉత్తరం చూసి చెప్పేస్తే తప్పు. కానీ మన కృష్ణా, గుంటూరు డెల్టాలో సర్రా కొత్త జబ్బు కాదు. పంటకాలువలు, వరి మళ్ళు, ఎప్పుడూ తడారని గట్లు, జోరీగకి ఇంతకంటే మంచి చోటు దొరకదు. అది నీళ్ళ పక్కన పెరిగిన గడ్డి ఆకుల మీద గుడ్లు పెడుతుంది, పిల్ల కింద బురదలో పడి అక్కడే పెరుగుతుంది, వానలు పడ్డాక రెక్కలొచ్చి బయటికొస్తుంది. అందుకే వానాకాలం నుంచి చలి మొదలయ్యేదాకా దీని గోల.

గేదెలో ఈ జబ్బు చాలాసార్లు పైకి కనపడదు. మేత మేస్తుంది, నెమరేస్తుంది, కాస్త చిక్కుతుంది, పాలు దిగవు, చూడి నిలవదు. రైతు మేత సరిలేదేమో అనుకుంటాడు. ఇంతలో ఏదో ఒక ఒత్తిడి వస్తే, అంటే ఈనడం, లారీలో దూరం ప్రయాణం, గాలికుంటు లాంటి ఇంకో జబ్బు, అప్పుడు ఒక్కసారిగా జ్వరం వచ్చి గిరగిరా తిరిగి పడిపోతుంది.

ఒక్క పని చేయండి. మధ్యాహ్నం చావిట్లోకి వెళ్ళి ఒక పావుగంట ఊరికే కూర్చుని గేదె పొట్ట కింద, కాళ్ళ మీద చూడండి. జోరీగ వాలి లేచిన చోట ఒక ఎర్రటి చుక్క ఊరి కారుతూ కనిపిస్తుంది, ఆ చుక్క మీదికి మళ్ళీ చిన్న ఈగలు చేరతాయి. అది కనిపిస్తే గేదెని ఊళ్ళో పశువుల ఆస్పత్రికి చూపించి రక్తం పరీక్ష చేయించండి, తీసుకెళ్ళడం కష్టమైతే 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. అక్కడ తేలకపోతే మీకు గన్నవరం వెటర్నరీ కాలేజీ దగ్గరే ఉంది.

ఇక పులితో సంబంధం ఏంటంటే, ఏ జూ అయినా ఊరికి ఆనుకునో అడవికి ఆనుకునో ఉంటుంది. గోడ అవతల మీలాంటి వాళ్ళ పశువులు మేస్తుంటాయి. గోడ లోపల జింకలు, దుప్పులు ఉంటాయి, వాటిలో కూడా ఈ పరాన్నజీవి చడీచప్పుడు లేకుండా ఉండగలదు. ఈగకి టికెట్టు అక్కర్లేదు, గోడ అడ్డం కాదు. జూ డాక్టర్ లోపల ఎంత శుభ్రంగా ఉంచినా బయట మందలో జబ్బుంటే రోజూ కొత్తగా వస్తూనే ఉంటుంది. నా ఉద్దేశంలో జూ చుట్టుపక్కల ఊళ్ళలో పశువులకి ఏడాదికి ఒకసారి వానల ముందు ఉచితంగా రక్తం పరీక్ష చేసి మందు వేయడం అనేది జూ ఖర్చులోనే రాసుకోవాలి. అది రైతుకి చేసే సాయం అనుకుంటారు, నిజానికి పులికి వేసే మందు అది.

ప్రశ్న: నేను పెళ్ళిళ్ళకి గుర్రం తిప్పుతాను సార్. నెల నుంచి దానికి జ్వరం వస్తుంది, రెండు రోజులకి తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. వెనక కాళ్ళు వాచాయి, పొట్ట కింద కూడా నీరు చేరింది. తిండి బాగానే తింటుంది అయినా ఎముకలు తేలాయి. ఒకసారి రక్తం పరీక్ష చేస్తే ఏం లేదన్నారు. తెలిసినాయన గేదెలకి వేసే బెరెనిల్ వేసేయమంటున్నాడు. వేయనా? (లాలాపేట, గుంటూరు)

జవాబు: వేయొద్దు బాబూ, ముందు ఇది పూర్తిగా చదువు. నువ్వు చెప్పినవన్నీ సర్రా లక్షణాలే. వచ్చి పోయే జ్వరం, కాళ్ళ వాపు, తింటున్నా చిక్కిపోవడం, గుర్రంలో ఇది పాఠ్యపుస్తకంలో రాసినట్టే ఉంటుంది. అసలు ఈ పరాన్నజీవిని మొదట పట్టుకున్నది గుర్రాల్లో, ఒంటెల్లోనే. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్ అనే చోట, ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది, గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు గుర్రాల రక్తం మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే కదులుతూ కనపడింది. జబ్బుకి కారణం ఇదే అని ఆయనంటే పైవాళ్ళు నమ్మలేదు. రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో దోమలో మలేరియా పరాన్నజీవిని చూసింది 1897లో, అంటే ఇవాన్స్ దానికి 17 ఏళ్ళ ముందే చూశాడన్నమాట. రాస్‌కి నోబెల్ వచ్చింది, ఇవాన్స్ పేరు మాత్రం మా పుస్తకాల్లో పరాన్నజీవి పేరు చివర మిగిలింది, ఆయన గురించి ఎక్కడా చెప్పుకోరు, నాకది బాధగానే ఉంటుంది.

ఒకసారి పరీక్షలో ఏం లేదన్నారు కదా, దాన్నిబట్టి జబ్బు లేదనుకోకు. ఈ పరాన్నజీవి ఒంటి మీద ఒక ప్రోటీన్ పొర ఉంటుంది. గుర్రం ఒళ్ళు ఆ పొరని గుర్తుపట్టి చంపడం మొదలుపెట్టగానే కొన్ని పొర మార్చేసుకుంటాయి, మార్చుకున్నవి మళ్ళీ పెరుగుతాయి, మళ్ళీ జ్వరం. జ్వరం తగ్గిన రోజున రక్తం తీస్తే అందులో అవి దాదాపు ఉండవు. కాబట్టి థర్మామీటర్ కొనుక్కో, పొద్దున సాయంత్రం చూసి కాగితం మీద రాసుకో, జ్వరం ఎక్కిన గంటల్లోనే డాక్టర్‌ని పిలిచి రక్తం తీయించు.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో చెప్తాను, పక్కనే నిలబడి చూపించమని అడుగు, ఏ డాక్టరైనా చూపిస్తాడు. ఒక్క రక్తం చుక్క గాజు పలక మీద వేసి పైన పల్చటి గాజు ముక్క మూస్తారు, రంగు వేయకుండా వెంటనే మైక్రోస్కోప్ కింద పెడతారు. మొదట కనపడేవి ఎర్ర కణాలే, గుంపులు గుంపులుగా కదలకుండా ఉంటాయి. కాసేపు కళ్ళు తిప్పకుండా చూస్తే ఒక మూల కొన్ని కణాలు వాటంతటవే అటూ ఇటూ ఊగుతాయి, గాలి లేదు, పలక కదల్లేదు, ఎందుకు ఊగుతున్నాయి అని ఆ మూలకి జరిపి చూస్తే వాటి మధ్యలో సన్నగా, పొడుగ్గా ఒకటి మెలికలు తిరుగుతూ వాటిని నెట్టుకుంటూ పోతుంటుంది. అదే. తర్వాత రంగు వేసి ఖాయం చేసుకుంటారు. కనపడకపోయినా అనుమానం ఉంటే పీసీఆర్ చేయించొచ్చు.

మందు సంగతికొస్తే బెరెనిల్ గేదెకి సరిపడినట్టు గుర్రానికి సరిపడదు, కుక్కల్లో అయితే డోస్ ఎక్కువైతే మెదడు మీద దెబ్బ కొడుతుంది. గుర్రాలకి మనవాళ్ళు ఎక్కువగా వాడేది క్వినపిరమిన్, దానికి కూడా చొంగ కార్చడం, వణకడం, ఇంజెక్షన్ చేసిన చోట గట్టిగా వాయడం ఉంటాయి, అందుకే డోస్ విడగొట్టి డాక్టర్ దగ్గరుండి వేస్తాడు. పెళ్ళి సీజన్ పోతుందని గుర్రాన్ని ఇప్పుడు తిప్పకు. రక్తం లేని గుర్రం బ్యాండు మేళం మధ్యలో పడిపోతే దాని మీదున్న పెళ్ళికొడుక్కీ ప్రమాదమే. నీ గుర్రం పక్కన ఇంకెవరివైనా కడితే అవి కూడా పరీక్ష చేయించాలి.

ప్రశ్న: జూలో పులికి రక్తం పరీక్ష ఎలా చేస్తారు? ప్రతిసారీ మత్తు ఇంజెక్షన్ కొడతారా? (డిగ్రీ విద్యార్థిని, గుంటూరు)

జవాబు: చాలాచోట్ల అలాగే చేసేవాళ్ళు తల్లీ, ఇప్పటికీ కొన్నిసార్లు తప్పదు. కానీ రక్తం తక్కువైన పులికి మత్తు ఇవ్వడమే ప్రాణం మీదికి తేవచ్చు. మంచి పద్ధతి ఏంటంటే నెలల తరబడి ఓపిగ్గా నేర్పించడం. కీపర్ రోజూ ఒకే వేళకి వచ్చి, పులి కమ్మీల పక్కన పొడుగ్గా పడుకుంటే మాంసం ముక్క ఇస్తాడు. తర్వాత తోక కమ్మీల కిందనుంచి బయటికి వస్తే ముక్క. తర్వాత తోక పట్టుకుంటే ముక్క, తడిగుడ్డతో తుడిస్తే ముక్క, మొద్దు పుల్లతో గుచ్చితే ముక్క. చివరికి ఒక రోజు నిజం సూది, తోక రక్తనాళంలోంచి రెండు మూడు మిల్లీలీటర్లు. పులి తల అటువైపు ఇంకో కీపర్ దగ్గర తింటూ ఉంటుంది. ఇలా అలవాటైన పులికి వానాకాలంలో జబ్బున్నా లేకున్నా తరచుగా రక్తం చూడొచ్చు. పులి తిండి మానేసి తూలుతుంటే అప్పుడు చూద్దాంలే అనుకుంటే సర్రాలో చాలాసార్లు అప్పటికే టైమ్ అయిపోతుంది. ఈ పని డాక్టర్ వల్ల కాదు, కీపర్ వల్ల అవుతుంది. జూల్లో కీపర్లని కాంట్రాక్టు మీద పెట్టుకుని ఆర్నెల్లకోసారి మార్చేస్తే ఇది ఎప్పటికీ కుదరదు, పులి మనిషిని నమ్మడానికి టైమ్ పడుతుంది.

ప్రశ్న: ఆ జోరీగ మనల్ని కుడితే మనకీ వస్తుందా? మా అబ్బాయికి ఈగ కుట్టి దద్దురు వచ్చింది, భయంగా ఉంది. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: దద్దురు తగ్గిపోతుందమ్మా, భయపడకండి. మనిషి రక్తంలో ఏపీఓఎల్-1 అనే ప్రోటీన్ ఉంటుంది, అది ఈ పరాన్నజీవిని లోపలికి రాగానే చంపేస్తుంది. ఇన్ని కోట్ల మంది పశువుల మధ్యే బతుకుతున్నా మనుషుల్లో ఈ జబ్బు దాదాపు కనపడకపోవడానికి కారణం అదే. 2004లో మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకి వచ్చింది, ఎందుకు వచ్చిందా అని చూస్తే ఆయన ఒంట్లో పుట్టుకతోనే ఆ ప్రోటీన్ లేదు. సురామిన్ అనే మందుతో నయమైంది. తర్వాత 2015లో వియత్నాంలో ఒకావిడకి ఆ ప్రోటీన్ మామూలుగానే ఉన్నా వచ్చింది, పచ్చి మాంసం కోసేటప్పుడు చేతి గాయంలోంచి పోయి ఉండొచ్చని అనుకున్నారు. చేతికి కోత ఉన్నప్పుడు పచ్చి మాంసం, రక్తం ముట్టుకునేవాళ్ళు, కబేళా పనివాళ్ళు, మా పశువైద్యులు గ్లవ్స్ వేసుకోవాలి. జూ చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి దీనివల్ల భయం లేదు.

ప్రశ్న: జీబ్రాకి చారలు ఈగలు కుట్టకుండా ఉండటానికే అని మా సైన్స్ మాస్టారు చెప్పారు. నిజమా? మరి పులికి కూడా చారలున్నాయి కదా! (ఎనిమిదో తరగతి, గవర్నర్‌పేట)

జవాబు: మీ మాస్టారు చెప్పింది చాలావరకు నిజం నాన్నా. 2019లో ఇంగ్లండ్‌లో ఒక ఫారంలో జీబ్రాలనీ గుర్రాలనీ పక్కపక్కన పెట్టి చూశారు. జోరీగలు రెండింటి దగ్గరికీ వచ్చాయి కానీ జీబ్రా మీద సరిగ్గా వాలలేకపోయాయి, వేగం తగ్గించుకోలేక తగిలి ఎగిరిపోయాయి. తర్వాత గుర్రాలకే చారల బట్ట కప్పారు, బట్ట ఉన్న చోట ఈగలు తగ్గాయి, బట్ట లేని తల మీద మాత్రం ఎప్పట్లాగే వాలాయి! అదే ఏడు జపాన్‌లో నల్ల ఆవులకి తెల్ల చారలు వేస్తే కుట్టే ఈగలు వాలడం సగానికి తగ్గింది. పులి చారలు దూరం దూరంగా, నారింజ మీద నలుపు, అవి గడ్డిలో దాక్కోవడానికి పనికొచ్చేవి, ఈగని ఆపవు. నువ్వు మంచి ప్రశ్న అడిగావు, ఇలాగే అడుగుతూ ఉండు.

ప్రశ్న: మాది కృష్ణలంక, దోమలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. కుక్కలకి దోమ కుడితే గుండెలో పురుగు వస్తుందంట, జూలో తోడేళ్ళకి కూడా వస్తుందంట. మా లాబ్రడార్‌కి మందు వేయాలా?

జవాబు: హార్ట్‌వార్మ్ గురించి అడుగుతున్నారు. దోమ కుట్టినప్పుడు ఈ పురుగు పిల్ల చర్మంలోకి దిగుతుంది, ఒంట్లో పెరుగుతూ ఆరు నెలల్లో గుండె నుంచి ఊపిరితిత్తులకి పోయే రక్తనాళంలో కాపురం పెడుతుంది. ఆడ పురుగు జానెడు కంటే పొడుగు, పల్చటి సేమ్యాలా తెల్లగా ఉంటుంది. కుక్కలతోపాటు తోడేళ్ళకి, నక్కలకి, సీ లయన్లకి, రెడ్ పాండాలకి కూడా వస్తుంది, విదేశీ జూల్లో దీనికి నెలనెలా ముందుమందు ఇస్తారు. మన దేశంలో ఇది ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ. దక్షిణాదిలో కనిపించేది దాని దాయాది, చర్మం కింద ఉండే రకం, కేరళలో మనుషుల కంట్లోంచి కూడా తీశారు. మీ కుక్కకి ముందు రక్తం పరీక్ష చేయించి, ఏమీ లేదని తేలాకే ముందుమందు మొదలుపెట్టండి. పెద్ద పురుగులు ఉన్న కుక్కకి తెలియక మందు వేస్తే రియాక్షన్ రావచ్చు. ఇంటి ముందు సైడు కాలువలో నీళ్ళు నిలవకుండా చూసుకోవడం కూడా మందే.

ప్రశ్న: గిర్ సింహాలు చచ్చిపోయింది కూడా ఈగల వల్లేనా? (మంగళగిరి)

జవాబు: కాదండీ, అక్కడ ఒక వైరస్‌తోపాటు ఉన్నవి పిడుదులు, అదే గోమార్లు. అవి ఈగ జాతి కాదు, లెక్కపెడితే ఎనిమిది కాళ్ళుంటాయి, సాలీడుకి చుట్టాలు. 2018 సెప్టెంబర్‌లో గిర్‌లో ఒకే రేంజిలో కొద్ది వారాల్లో 23 సింహాలు పోయాయి. కుక్కలకి వచ్చే డిస్టెంపర్ వైరస్, పిడుదుల నుంచి వచ్చే బబీసియా అనే రక్తంలో పరాన్నజీవి, రెండూ దొరికాయి. 1994లో ఆఫ్రికా సెరెంగెటిలో కూడా డిస్టెంపర్‌తో వెయ్యి దాకా సింహాలు చనిపోతే, తర్వాత తేలింది ఏంటంటే కరువులో చిక్కిపోయిన అడవి దున్నల మీద పిడుదులు విపరీతంగా ఉన్నాయి, వాటిని తిన్న సింహాలకి బబీసియా ముదిరింది, వైరస్ ఒంట్లో రక్షణ తగ్గించడంతో అది చంపేసింది. ఒక్కో జబ్బు విడిగా వస్తే తట్టుకునేవే. ఇక్కడ కూడా చూడండి, మళ్ళీ పక్కన మేసే పశువు దగ్గరికే వచ్చాం, ఊరకుక్క దగ్గరికి వచ్చాం.

ప్రశ్న: ఇంత ప్రమాదం ఉన్నప్పుడు మున్సిపాలిటీ వాళ్ళలా జూలో రోజూ ఫాగింగ్ చేయొచ్చు కదా? (సత్యనారాయణపురం)

జవాబు: ఫాగింగ్ అనేది సాయంత్రం తిరిగే దోమకి కొడతారు. జోరీగ మిట్టమధ్యాహ్నం ఎండలో కుడుతుంది, రాత్రి పడుకుంటుంది, దాని పిల్లలు బురదలో ఉంటాయి, పొగ అక్కడిదాకా పోదు. దానికి తోడు ఇంకో పెద్ద ప్రమాదం ఉంది, పిల్లి జాతి లివర్ కొన్ని రసాయనాలని విరగ్గొట్టలేదు. కుక్కల పిడుదులకి వాడే పెర్మెత్రిన్ పిల్లికి వేస్తే వణుకుతూ ఫిట్స్‌తో చనిపోవచ్చు. పులి, చిరుతల ఇంటి చుట్టూ స్ప్రే కొట్టేవాళ్ళు డబ్బా మీద ఏం రాసుందో చదవకుండా కొట్టకూడదు. ఇంట్లో పిల్లిని పెంచేవాళ్ళు కూడా ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

జూలో నన్ను అడిగితే మొదట పార పట్టమంటాను. ఎన్‌క్లోజర్ చుట్టూ ఉన్న కందకం అంచుల్లో, కుళాయి కింద, పులి స్నానం చేసే తొట్టి నీళ్ళు పోయే దారిలో ఎప్పుడూ తడిగా ఉండే బురద గట్టుని తీసేసి రాయి పరిస్తే ఆ చోట ఈగ పుట్టదు. నీళ్ళ పక్కన గడ్డి కోసేస్తే గుడ్డు పెట్టడానికి ఆకు ఉండదు. రాత్రి గదులకి, జబ్బు జంతువుని విడిగా ఉంచే గదికి సన్న జాలీ, లోపల ఫ్యాను. జోరీగలకి నీలం, నలుపు రంగు పెద్ద వస్తువులంటే ఆకర్షణ, ఆ రంగు బట్టలతో కట్టిన ఉచ్చులు గోడకీ జంతువుకీ మధ్యలో పెడితే బాగానే పడతాయి, ఏ రోజు ఎన్ని పడ్డాయో రాసుకుంటే ఈగ సీజన్ ఎప్పుడు మొదలైందో కూడా తెలుస్తుంది. జింకల్నీ పులుల్నీ పక్కపక్కన పెట్టకుండా దూరంగా ఉంచితే ఈగ మూతి మీద రక్తం దారిలోనే ఆరిపోతుంది. కొత్తగా ఏ జంతువు వచ్చినా రక్తం చూడకుండా లోపలికి తేకూడదు. పులికి ఒళ్ళంతా మునిగే నీళ్ళ తొట్టి, నీళ్ళు మారుస్తూ ఉండేది, నీడలో ఉండాలి, ఈగల వేళలో అది అందులోనే కూర్చుంటుంది.

ఇవేవీ ఖరీదైన పనులు కావు. ఒక పులిని కొనలేం, ఒక ట్రాక్టర్ రాయి కొనొచ్చు.

ప్రశ్న: కూనో చీతాలకి పురుగులు పట్టాయని టీవీలో చూశాం. అది కూడా ఇదేనా? (ఎన్జీవో కాలనీ, గుంటూరు)

జవాబు: అది వేరండీ. 2023 వానల్లో మధ్యప్రదేశ్ కూనో అడవికి ఆఫ్రికా నుంచి తెచ్చిన చీతాల్లో కొన్నింటికి రేడియో కాలర్ కింద చర్మం తడితో పాచిపోయి పుండు పడింది, ఈగలు అక్కడ గుడ్లు పెట్టాయి, పురుగులు పట్టి రక్తం విషమైంది. దక్షిణార్ధగోళంలో అప్పుడు చలికాలం కాబట్టి వాటికి ఒత్తుగా బొచ్చు మొలిచింది, మనకేమో వాన, ఆ ఒత్తు బొచ్చు కింద తడి ఆరలేదు. మన పశువుల కొమ్ము విరిగిన చోట, పలుపు తాడు ఒరిసిన చోట పురుగులు పట్టేది కూడా ఇలాగే. పలుపు మెడ చుట్టూ రెండు వేళ్ళు దూరేంత వదులుగా ఉందో లేదో ఈ వానల్లో రోజూ చూడండి, పుండు కనపడితే ముందు పురుగులన్నీ తీసి కడిగించి, ఆ తర్వాతే మందు రాయించండి.